ఉక్కు ఊళ్లో ఇనుము చాలని గులాబీ

అక్టోబరు 19

ఈ రోజు గులాబీల కత్తిరింపు. మా ఆయన ఫర్నేస్ చేతితొడుగులు వేసుకుని కూర్చున్నారు. ఒక్క ముల్లూ గుచ్చుకోలేదు. ఆ తొడుగుల్లో కత్తెర మాత్రం నిలవక రెండుసార్లు కాలి మీద పడింది.

జనవరి ఆఖరుకి భిలాయి స్టీల్ ప్లాంటు నుంచి ఆయన రిటైర్మెంట్. ఆ తర్వాత ఈ సెక్టర్ 2 క్వార్టర్ అప్పగించి టౌన్‌షిప్ బయట కోహ్కాలో ఇంటికి మారాలి. కంపెనీ పూల పోటీ క్వార్టర్లలో ఉండేవాళ్లకే. అంటే ఈ జనవరి పోటీయే ఆయనకి ఆఖరిది. ఇన్నేళ్లలో ఒక్క బహుమతీ రాలేదు. పక్క క్వార్టర్ సాహూ భయ్యాకి రాని ఏడు లేదు.

మొక్కలన్నీ ఖాళీ పెయింటు డ్రమ్ముల్లోనే. "నేలలో ఎడితే కంపెనీది, డ్రమ్ములో ఎడితే మనది" — ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచి ఇదే మాట.

అక్టోబరు 23

డ్రమ్ముల్లో బూడిదరంగు పొడి. ఏమిటని అడిగాను.

"స్లాగ్. రోడ్డు పనికి గుట్ట పోసినారు కదా, అందులోది. ఇనుము కరిగినప్పుడు పైన తేల్తాదే, ఆ మడ్డి. మొక్కకి శానా బలం."

ఎవరు చెప్పారు?

"ఒకలు సెప్పాలేటి? ఉద్యోగమంతా దాని ముందరే కదా సేసినాను."

ఒకే మూలం. ధ్రువీకరణ లేదు. మా పత్రికలో వార్త అయితే ఆపేసేదాన్ని.

నవంబరు 6

కొత్త చిగుళ్లు వచ్చాయి. ఆకులు పసుపు, ఈనెలు మాత్రం ఆకుపచ్చ. చూడటానికి బాగుంది. అందుకే అనుమానం.

నవంబరు 8

మా అమ్మాయి స్వాతి ఆకు ఫోటో తీసి ఫోనులో వెతికింది.

"పాపా, ఐరన్ డెఫిషియెన్సీ హై."

"ఏటి?"

"ఇనుము తక్కువైందంట. మొక్కకి."

ఆయన కిటికీలోంచి చూశారు. చిమ్నీలు ఉండాల్సిన చోటే ఉన్నాయి.

"భిలాయిలోనా?"

స్వాతి మంచం మీద పడి నవ్వింది. ఆయన నవ్వలేదు. ఇది తనకి జరిగిన అవమానంగా తీసుకున్నట్టున్నారు.

నవంబరు 10

డ్రమ్ము డ్రమ్ముకీ గుప్పెడు తుప్పు మేకులు గుచ్చారు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పనిచేసే మా మరిది ఇనుప రజను ఒక సంచి పంపాడు. అదీ పోశారు. వీధి కుక్క వాసన చూసి తుమ్మింది.

నవంబరు 17

ఆకులు ఇంకా పసుపే.

ఇద్దరికి ఫోన్ చేశాను — వ్యవసాయ కాలేజీలో చదువు చెప్పే ఒకాయన, పక్క ఊరు దుర్గ్‌లో విత్తనాల షాపాయన. ఒకరికొకరు తెలియదు. ఇద్దరూ ఒకటే చెప్పారు. స్లాగ్‌లో సున్నం ఉంటుంది. సున్నం ఎక్కువైతే మట్టిలో ఎంత ఇనుమున్నా వేళ్లు తీసుకోలేవు. మేకులు దండగ.

ఆయనకి చెప్పాను.

"అయితే ఇనుమైతే ఉంది కదా."

"ఉంది."

"అదీ. నానన్నదీ అదే."

నవంబరు 19

డ్రమ్ములన్నీ బోర్లించి మట్టి మార్చాం. కొత్త మట్టి, ఆకుల ఎరువు. దానితో పాటు దుర్గ్ షాపు నుంచి వేళ్లకి అందే ఇనుము పొడి, ప్యాకెట్‌లో. ఫర్నేస్ మనిషి ఇనుము ప్యాకెట్ కొనుక్కున్నాడని తెలిస్తే బాగుండదని దాన్ని టీపొడి డబ్బాలో పోశారు.

సాయంత్రం గోడ మీంచి సాహూ భయ్యా — "కా డారత్ హవ్, భైయా?" ఏం వేస్తున్నారని.

"కుఛ్ నహీ భయ్యా. చాయ్‌పత్తీ."

నవంబరు 21

సాహూ భయ్యా డ్రమ్ముల్లో టీపొడి.

డిసెంబరు 5

ఆకుపచ్చ! ఆయన రోజుకి రెండుసార్లు ఆకు తిప్పి చూస్తున్నారు. మొగ్గలు కూడా.

సాహూ భయ్యా మొక్కలు ఇంకా బాగున్నాయి. టీపొడి పనిచేసినట్టుంది. ఈ సంగతి ఇంట్లో ఎత్తలేదు.

డిసెంబరు 20

చలి పెరిగింది. ఎక్కడో మంచు కురిసే దేశంవాళ్ల వీడియో చూశారట. చలికాలంలో కుండీలకి గోనెలు చుట్టాలట. చుట్టారు. గోనెలు చాలకపోతే నా శాలువా.

ఇక్కడ గులాబీకి చలికాలమే సీజన్ అన్నాను.

"సలికి మనిసే ఆగలేకపోతంటే మొక్కెలాగుంటాది?"

ఇన్నేళ్లూ ఎలా ఉందో అడిగాను. శాలువాకి ఇంకో ముడి వేశారు.

డిసెంబరు 28

ఇప్పుడు రాత్రిళ్లు డ్రమ్ములు హాల్లోకి. పైన పెద్ద బల్బు. టీవీ ఎదురుగా నా కుర్చీలో ఒక గులాబీ కూర్చుంది. వార్తలు నేను నిలబడి చూశాను.

జనవరి 6

అన్నీ ఒక్కసారి పూశాయి. ఇంత పూత ఎప్పుడూ చూడలేదు.

పోటీ 18న. అప్పటికి ఇవన్నీ రాలిపోతాయి.

ఆయన పూల మధ్య నిలబడ్డారు, సెలవు రోజున తాళం వేసిన బ్యాంకు ముందు మనిషిలా. స్వాతి పొరపాటున "కిత్‌నా సుందర్, పాపా" అనేసింది.

చివరికి ఆయన, "వేడెక్కువైపోనాది. సల్లార్చాల."

పెద్ద ఎర్ర గులాబీకి విచ్చుకోని మొగ్గ ఒకటి మిగిలింది. ఇక ఆశంతా దాని మీదే.

జనవరి 7

ఎర్ర గులాబీ స్నానాలగదిలో. ఇంట్లో చల్లని చోటు అదేనట. స్నానం చేస్తుంటే ముల్లు గుచ్చుకుంది. నాకు.

జనవరి 15

మొగ్గ కదల్లేదు. పిడికిలిలా బిగిసే ఉంది. బయట ఎండలో పెట్టారు. పోటీ నిబంధన ప్రకారం విచ్చుకున్న పువ్వు ఒకటైనా ఉండాలి.

తలుపు చాటు నుంచి విన్నాను — "ఏటమ్మా, ఎండ సాల్లేదా? సెప్పు మరి."

నాతో ఇంత మెత్తగా మాట్లాడి చాలా కాలమైంది.

జనవరి 17

ఎడిటర్ ఫోన్. రేపు పూల ప్రదర్శన గురించి రాయమని. మా ఆయన పోటీలో ఉన్నారు, వేరేవాళ్లని పంపండి అన్నాను. పంపుతున్నారు.

మొగ్గ కొస ఎర్రగా కనిపిస్తోంది. అంతే.

జనవరి 18, ఆదివారం

పోటీ మైదానంలోనే కూర్చుని రాస్తున్నా.

పొద్దున్న సాహూ భయ్యా, మేమూ ఒకే టెంపోలో వచ్చాం. వాళ్ల పసుపు గులాబీ, మా ఎర్ర మొగ్గ పక్కపక్కనే. దారంతా ఎవరి డ్రమ్ము వాళ్లు పట్టుకుని ఎదుటివాళ్ల డ్రమ్ము కేసి చూశారు.

జడ్జీలు ముందుగా మా వరసకే వచ్చారు. ఒకావిడ వంగి చూసి "కలీ హై" అంది. మొగ్గే. కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయారు.

ఎండెక్కింది. పువ్వు విచ్చుకుంది. అరచేయంత. ఎర్రగా. చుట్టూ జనం. ఆయన నన్ను పక్కకి పిలిచారు.

"ఆ జడ్జీలు నీకు తెల్సినోలే కదే. మల్లీ ఓపాలి సూడమను. గెలిపించమన్నేదు. సూడమన్నాను. అంతే."

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎవరినీ నా ఇంటి పని అడగలేదు. ఆ మాటే అన్నాను. ఆయన సరేనని తలూపి పువ్వు దగ్గరకి వెళ్లిపోయారు. వాదించి ఉంటే బాగుండేది.

తర్వాత సాహూ భయ్యా వచ్చాడు. "భాభీ, జాకే బోలియే నా. కలీ సే జీత్‌నే మే క్యా మజా?" వెళ్లి చెప్పండి, మొగ్గ మీద గెలిస్తే ఏం సరదా అని.

వాస్తవాలు. పువ్వు విచ్చుకుంది. జడ్జీలు చూసి వెళ్లాక విచ్చుకుంది. ఫలితాలు ఇంకా చదవలేదు.

లేచి జడ్జీల డేరాలోకి వచ్చాను. "ఆయియే మేడమ్" అని కుర్చీ జరిపారు, పకోడీల ప్లేటు చేతిలో పెట్టారు. ప్లేటు ఒళ్లో పెట్టుకుని, ఏదో నోట్ చేసుకుంటున్నదానిలా ఇది రాస్తున్నా. ఇంకా ఏమీ అడగలేదు.

డేరా గుడ్డ సందులోంచి ఆయన కనిపిస్తున్నారు. ఇటే చూస్తున్నారు. ఇప్పుడే వంగి, డ్రమ్ముని రెండు చేతులా పట్టుకుని, పువ్వు ముఖం డేరా వైపుకి వచ్చేలా కొంచెం తిప్పారు.