అరగంటకోసారి లేవమన్నారు

డాక్టరుగారికి నమస్కారం.

మెడనొప్పికి మీరిచ్చిన సలహా తు.చ. తప్పకుండా పాటించాను. బొంత కుడుతూ అరగంటకోసారి సూది పక్కనపెట్టి లేచాను. లేవగానే మావారు, "ఎలాగూ లేచావుగా, కాస్త టీ పెట్టు" అన్నారు. అత్తగారేమో, "లేచావు కాబట్టి అడుగుతున్నానమ్మా, ఆ దుప్పట్లు ఆరేసెయ్" అన్నారు. వారం తిరిగేసరికి మెడనొప్పికి నడుంనొప్పి తోడైంది.

మొన్న పరాకున బొంత అంచుతో కలిపి నా నైటీ అంచు కూడా కుట్టేశాను. కుట్లు విప్పితేగాని లేవలేను. "కదల్లేనండీ" అన్నాను. మావారు కాసేపు గుమ్మంలో నిలబడి చూసి, తనే టీ పెట్టుకున్నారు. నాకూ ఓ కప్పు ఇచ్చారు, చక్కెర మరిచిపోయి. దుప్పట్లు కూడా ఎలాగో తీగమీదికి చేరాయి. నేను కూర్చున్నచోటే మెడ తిప్పుకుని, భుజాలు ఆడించుకున్నాను. నొప్పి సగానికి సగం తగ్గింది.

అందుకని మనవి. ఈసారి చీటీలో "అస్సలు లేవకూడదు" అని పెద్ద అక్షరాలతో రాసివ్వండి. మొన్నటిది నిజంగా పొరపాటే. నిన్నటిదీ, ఇవాళ్టిదీ కూడా పొరపాటేనంటే అత్తగారు నమ్మడం లేదు. ఆవిడా ఒకప్పుడు బొంతలు కుట్టినావిడే.

ఇట్లు,
కూర్చున్నచోటి నుంచే,
మీ పేషెంటు