నాలుగడుగుల పదకొండు అంగుళాలు

ఫిబ్రవరి 3

ఉద్యోగంలో చేరి నేటికి ఏడాది. ఈ చారిత్రక సందర్భంలో నా వృత్తి గురించి భావితరాలకు నాలుగు ముక్కలు చెప్పడం నా కర్తవ్యం. జనం ఇంకా కట్టుకోని వంటిళ్లకూ హాళ్లకూ నేను కంప్యూటర్లో బొమ్మలు గీస్తాను. త్రీడీ వ్యూలంటారు. వాటిలో ఎండ ఎప్పుడూ ఎడమ కిటికీలోంచే పడుతుంది. సింకులో ఎంగిలి గిన్నె ఉండదు. ఏ వైరూ ఎక్కడా వేలాడదు.

గది ఎంతుందో తెలియాలంటే ప్రతి వ్యూలోనూ ఒక మనిషిని నిలబెట్టాలి. స్కేల్ ఫిగర్. ఆఫీసు ఫోల్డర్లో ఉన్న మనుషులంతా పొడుగ్గా, కాఫీ కప్పు పట్టుకుని, ఎందుకో వాళ్లకే తెలియని నవ్వు నవ్వుతుంటారు. వాళ్ల మొహాలు చూడలేక ఇవాళ మా అమ్మని పెట్టేశాను. మొన్న కుట్టుమిషను దగ్గర్నుంచి లేచినప్పుడు తీసిన ఫొటో. మెడలో కొలత టేపుంది. తీసేద్దామంటే మెడ కూడా ఊడొచ్చేలా ఉంది, వదిలేశాను.

ఇంట్లో మేమిద్దరం. మిషన్ని కలిపితే ముగ్గురం. అమ్మ ఒక ఫర్నిషింగ్ షాపుకి కర్టెన్లు కుడుతుంది. పందొమ్మిదేళ్లుగా. కొలతల చీటీ వస్తుంది, గుడ్డ వస్తుంది, కుట్టింది వెళ్లిపోతుంది. ఊళ్లో కిటికీలన్నీ ఆవిడకి అంగుళాల్లో తెలుసు. తను కుట్టిన కర్టెన్ ఒక కిటికీకి వేలాడగా మాత్రం ఒక్కసారీ చూడలేదు.

మా కిటికీకి కర్టెన్ లేదు.

ఫిబ్రవరి 4

అమ్మకి ఆ వ్యూ ఫోన్లో చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని చూసింది. నేనెప్పుడు వెళ్లానురా ఆ ఇంటికి అంది. తర్వాత చాలాసేపు వెతికి, అంతా బాగానే ఉంది ఇంజినీరు గారూ, చీపురెక్కడ పెడతారు అంది.

నేను ఇంజినీర్ని కాదని నూటొకటోసారి మనవి చేశాను. చీపురు మా సిలబస్‌లో లేదని కూడా చెప్పాను. మరి చెత్త ఎవరి సిలబస్సు అంది. తడిగుడ్డ ఎక్కడ ఆరేస్తారు, బకెట్ ఎక్కడ దాస్తారు, ఇస్త్రీకి ప్లగ్గేది. మూడేళ్ల చదువుని మూడు నిమిషాల్లో ఉతికి ఆరేసింది.

ఫిబ్రవరి 9

మా బాస్‌కి నేను పెట్టిన పేరు ఖాళీ మేడమ్. గోడ ఖాళీగా ఉండాలి, టేబుల్ ఖాళీగా ఉండాలి, మా చేతులు మాత్రం ఖాళీగా ఉండకూడదు. ఇవాళ ఆవిడ మొదటిసారి నన్ను మెచ్చుకుంది. ఫ్రిజ్ పక్కన తొమ్మిదంగుళాల సందు మిగిలితే అందులో నిలువు అల్మరా గీశాను, చీపురుకి. ఎక్కడ నేర్చుకున్నావంది. స్కేల్ ఫిగర్ చెప్పిందన్నాను. మెప్పు వెనక్కి తీసుకుంది.

క్లయింటు ఒక పళ్ల డాక్టరమ్మ. వెంట వాళ్లాయన వస్తాడు. ఆయన పని తలూపడం. వ్యూలో అమ్మని చూసి డాక్టరమ్మ ముచ్చటపడింది. నా ఇంటికి డాక్టర్నే పెట్టారే అందిట. టేపుని స్టెతస్కోపు అనుకుంది. అమ్మకి చెప్పాను. సాయంత్రమంతా నా నాలుక బయటపెట్టించి పరీక్ష చేసింది.

ఫిబ్రవరి 10

రోజూ ఆఫీసు నుంచి రాగానే అమ్మ మొదటి ప్రశ్న: ఇవాళ నేను ఎవరింట్లో ఉన్నానురా?

ఫిబ్రవరి 21

డాక్టరమ్మ ఫ్లాట్ కర్టెన్లు అమ్మ దగ్గరికే వచ్చాయి. బూడిదరంగు లినెన్. హాలు కిటికీకి ఒక్కొక్కటి ఎనిమిదిన్నర అడుగుల పొడుగు. కుట్రపూరితంగా ఆ షాపు పేరు సూచించింది నేనే.

మాటిచ్చాను. ఏప్రిల్ 12న తాళాలు ఇచ్చే రోజు అమ్మని తీసుకెళ్తాను. తన కర్టెన్ కింద నిలబెట్టి ఫొటో తీస్తాను. ఏం కట్టుకోవాలి అంది. అయిదు నిమిషాల తర్వాత మళ్లీ అదే అడిగింది.

మార్చి 6

అమ్మ కడుపునొప్పికి తీయించిన స్కాన్ రిపోర్టు వచ్చింది. అజీర్తి కాదు. గడ్డ.

పెద్ద డాక్టరు చాలా మర్యాదగా మాట్లాడాడు. నెలల లెక్క పెట్టుకోవద్దు, వారాల లెక్క పెట్టుకోండి అన్నాడు. నాకు ఒక జోకు తోచింది. వేశాను. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

అమ్మ ఒక్కటే అడిగింది. ఏప్రిల్ పన్నెండు దాకా ఉంటానా బాబూ అని. ఆయన నా వైపు చూసి, ఉండొచ్చమ్మా అన్నాడు.

మార్చి 8

మా వడ్రంగి పేరు రేపు మామ. ఏ పనడిగినా రేపు అల్లుడూ అంటాడు కాబట్టి. నిన్న ఆయనకి సంగతి చెప్పాను. చేతిలో ఉన్న పెన్సిల్ చెవి మీద పెట్టుకుని, అక్కకి చెప్పు, పన్నెండుకి ఒక రోజు ముందే అయిపోద్ది అన్నాడు. ఇవాళ ఎనిమిదింటికల్లా వచ్చాడు. ఆఫీసులో వాచ్‌మన్ గుర్తుపట్టలేదు.

పిన్ని వచ్చింది. వంట తనది. ఏడుపు కూడా తనే చూసుకుంటోంది, మా ఇద్దరి వాటా కలిపి.

మార్చి 14

అమ్మ మంచం మీద పడుకుని వంటింటి వ్యూ పెద్దది చేసి చూస్తోంది. ఒరేయ్, ఇందులో నా చెయ్యి ఆ పైఅరకి అందుతోందేంటి అంది. మనింట్లో మేకుకి సంచీ తగిలించాలంటేనే స్టూలెక్కుతాను కదా.

నేరం ఒప్పుకున్నాను. స్కేల్ ఫిగర్ అయిదడుగుల నాలుగు అంగుళాలుండాలి. అమ్మ నాలుగడుగుల పదకొండు. సాగదీశాను. నీలో ఎనిమిది శాతం కల్పితమని తెలియజేశాను.

నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాత అడిగింది, మరి ఆ డాక్టరమ్మ పొడుగెంతని. పొడుగేలే అన్నాను. మీటింగులకి హీల్స్‌తో వస్తుందని నువ్వే చెప్పావు, వంటింట్లో కూడా హీల్సేనా అంది.

ఏడాది చదువుకి ఒక్క ప్రశ్న చొప్పున ఈవిడ నన్ను మళ్లీ ఫెయిల్ చేస్తోంది. ఆవిడ చెప్పుల్లేకుండా ఎంత ఎత్తో మేమెవరం కొలవలేదు. గట్టు, పైఅరలు, అన్నీ స్టాండర్డ్ సైజులో బిగించేశాం. రాయి కూడా పరిచేశారు.

మార్చి 15

కనుక్కున్నాను, అయిదడుగుల ఆరట అని అమ్మకి చెప్పాను.

కనుక్కోలేదు. మారిస్తే రాయి పీకాలి, అరలు దించాలి, టైల్స్ మళ్లీ అతికించాలి. మూడు వారాలు. ఆ మూడు వారాలు మా దగ్గర లేవు. డ్రాయింగ్ మీద డాక్టరమ్మ సంతకం ఉంది. ఎవరూ నన్ను అడగరు.

మార్చి 16

అడిగింది. అబద్ధం చెప్పేటప్పుడు చెవి గోక్కుంటావురా, నీకు నాలుగేళ్లప్పట్నుంచీ అంతే అంది.

అప్పుడు నిజం చెప్పేశాను. ఆవిడ ఎత్తు సంగతి నాకు అనవసరం, నువ్వు పన్నెండున అక్కడ నిలబడాలి, అంతే అన్నాను. అరిచాననుకుంటా. పిన్ని గరిటెతో సహా వచ్చింది.

అమ్మ అరవలేదు. నేను చూసేది ఒక్క పూటరా, ఆవిడ రోజూ వండుకోవాలి, రోజుకి పదిసార్లు స్టూలెక్కే ఖర్మ ఇంకొకరికెందుకు అంది. తర్వాత గోడవైపు తిరిగి పడుకుంది.

పోనీ ఇప్పుడే తీసుకెళ్తా, దుమ్ములోనే చూద్దువు గాని అన్నాను. కర్టెన్ లేని కిటికీ చూడ్డానికి అంత దూరమెందుకు, మనింట్లో ఉందిగా అంది.

మార్చి 17

ఖాళీ మేడమ్ ముందు నిలబడి నా తప్పు నేనే చదివి వినిపించాను. డాక్టరమ్మని పిలిచి చెప్పులు విప్పమన్నాం. టేపు అమ్మదే తీసుకెళ్లాను. నాలుగడుగుల పదకొండున్నర.

ఇన్నేళ్లలో నన్నెవరూ చెప్పులు విప్పమని అడగలేదు అందావిడ. పాత ఇంట్లో మూడు స్టూళ్లున్నాయట. వాళ్లాయన తలూపాడు.

కొత్త తేదీ మే 4.

రేపు మామకి చెబితే పెన్సిల్ విరిచేశాడు. ఎందుకు చెప్పావు అల్లుడూ, ఎవరడిగారు నిన్ను అన్నాడు.

మార్చి 29

అమ్మ హాలు కర్టెన్లు కుడుతోంది. కూర్చుని పది నిమిషాలు, పడుకుని గంట.

ఏప్రిల్ 2

అమ్మ కొత్త ఆర్డరు వేసింది. ఎన్నిళ్ల వంటగదుల్లో నిలబెడతావురా, కాళ్లు పీకుతున్నాయి, కిటికీ పక్కన ఓ కుర్చీ వెయ్యి అంది.

కూర్చున్న ఫొటో కావాలి. ఉన్నవన్నీ మిషను మీద వంగి ఉన్నవే. మిషన్ని చెరిపేస్తే గాల్లో ఏదో వెతుక్కుంటున్నట్టుంది. సరే, పిన్నీ నేనూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాం. జుట్టు దువ్వించుకుంది. మెడలో టేపు వెయ్యమంది. వేశాను. ఫొటో తీశాను.

సాగదీయకు అంది.

ఏప్రిల్ 9

ఆఖరి కర్టెన్, అడుగు అంచు. మూర దూరం మిగిలింది. చెయ్యి చక్రం దాకా వెళ్లడం లేదు. నన్ను కూర్చోమంది. మంచం మీంచి చెబుతుంటే నేను కుట్టాను. మెల్లిగా, మెల్లిగా, గుడ్డని లాగకు, అదే వెళ్తుంది, నీకంటే దానికే తెలివెక్కువ.

వంకర్లు పోయింది. చూపించాను. ఇంజినీరు గారి పని అంది. విప్పి మళ్లీ కుట్టనా అంటే వద్దంది.

ఏప్రిల్ 12

ఇవాళ పన్నెండు.

అమ్మకి తేదీ చెప్పలేదు. తను అడగలేదు. రేపు మామ వచ్చి మంచం పక్కన అరగంట కూర్చుని వెళ్లాడు. రంపం పొట్టు చొక్కా నిండా. అక్కా అని ఒక్కమాటే అన్నాడు.

ఏప్రిల్ 19, ఉదయం 6.40

అమ్మ పోయింది.

ఏప్రిల్ 28

పిన్ని వెళ్లిపోయింది. ఇంట్లో ఇద్దరం. నేను, మిషను.

మే 4

తాళాలు ఇచ్చాం.

నేను నవ్వుతూనే ఉన్నాను, డ్యూటీ కాబట్టి. డాక్టరమ్మ చెప్పులు బయట విడిచి, సరాసరి వంటింట్లోకి వెళ్లి పైఅర తెరిచింది. మడమలు లేవకుండా అందింది. మూసింది. మళ్లీ తెరిచింది. అలా నాలుగుసార్లు. ఫ్రిజ్ పక్కన సన్నటి తలుపు లాగి, ఇదేంటి అంది. చీపురుకండి అన్నాను. అయ్యో, చీపురు కొనడమే మర్చిపోయాం అని వాళ్లాయన మాట్లాడాడు. మొదటిసారి.

హాల్లో కర్టెన్లు. ఎనిమిదిన్నర అడుగులు. నేల మీద వేలెడు వదిలి ఆగాయి, సరిగ్గా. గాలికి కదిలాయి. పందొమ్మిదేళ్ల కుట్టుపని ఇలా కదులుతుందని నాకూ తెలియదు.

ఖాళీ మేడమ్ వంగి అంచు చూసింది. ఆవిడ కన్ను తప్పించుకున్నది ఇంతవరకూ లేదు. ఇక్కడ కుట్టు వంకర, విప్పించి సరిచేయించు అంది. సరేనండి అనబోయాను. అది మా అమ్మది కాదండీ, నాది అన్నాను. ఏమర్థమైందో. నా వైపు చూడలేదు. సోఫాని తనే రెండు చేతులతో ఆ మూలకి జరిపింది. ఇప్పుడు కనపడదు, వదిలెయ్ అంది.

రేపు మామ బాల్కనీలోకి వెళ్లి చాలాసేపు ఏ స్క్రూ లేనిచోట స్క్రూ బిగించాడు.

మే 5

సెలవు పెట్టాను. ఎందుకో తెలియదు. మిషన్‌లో బూడిదరంగు దారం అలాగే ఉంది.

మే 11, సాయంత్రం 6.15

ఇవాళ కొత్త ఫ్లాట్లో ఉన్నావమ్మా. రెండు బెడ్‌రూములు, ఉత్తరం కిటికీ. కిటికీ పక్కన కుర్చీ వేశాను. కూర్చున్నావు. సాగదీయలేదు. చీపురుకి చోటుంది.