గట్టు మీద దారి

మాస్టారూ,

మీరు వెళ్ళిపోయి ఇవాళ్టికి ఏడాది. రిటైరయ్యాక ఊరందరికీ కాగితాలు రాసిపెట్టిన మీ మీద నేనొకసారి విసుక్కున్నాను. మా చేపల చెరువు మరిదికి లీజుకిస్తున్నప్పుడు, "అయినవాళ్ళ మధ్య ఈ కాగితాలెందుకండీ, నోటిమాట చాలదా?" అన్నాను. మీరు నవ్వి, చివర ఒక వాక్యం చేర్చారు: చెరువు ఎవరి చేతిలో ఉన్నా గట్టు మీద దారి ఊరందరిదీ.

పోయిన నెల మరిది చెరువును వేరేవాళ్ళకి అప్పగించాడు. కొత్తాయన చేపల దొంగలకి భయపడి గట్టుకి గేటు పెట్టి తాళం వేశాడు. బడిపిల్లలు చుట్టూ తిరిగి వెళ్ళాల్సివచ్చింది. కుర్రాళ్ళు తాళం పగలగొడతామని బయల్దేరితే, వాళ్ళని ఆపి కాగితం పట్టుకెళ్ళాను. ఆయన రెండుసార్లు చదివాడు.

"ఈ సంగతి నాకు చెప్పలేదండీ. రాసుకున్నారు కదా, తీయించేస్తానండీ."

సాయంత్రానికి గేటు లేదు. కేకల్లేవు, కోర్టు లేదు.

ఆ వాక్యం పిల్లల కోసమే రాసి ఉంటారు మాస్టారూ. ఇవాళ బంతిపూలు పట్టుకుని మీ సమాధి దగ్గరికి నేనూ ఆ గట్టు మీదుగానే వచ్చాను.