గొంతు పోయిన పదిహేను రోజులు

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ మేమందరం కులాసా. నీ అల్లుడికి జలుబు తగ్గింది, చంటిదానికి ముందు పన్ను ఊడింది. నువ్వూ నాన్నా క్షేమమని తలుస్తాను. మోకాలి నొప్పి గురించి రెండు ముక్కలే రాశావు. అంటే బాగానే ఉందన్నమాట నొప్పి! అడిగావు కాబట్టి చెప్తున్నా, కొత్త బూట్లు ఇంకా కరుస్తూనే ఉన్నాయి. గొంతు సంగతి చివర్లో రాస్తాను, తిట్టకు.

పోయిన రెండు పోటీల్లోనూ నేను కోచింగ్ ఇచ్చే నలుగురు అమ్మాయిలు రిలేలో బ్యాటన్ జారవిడిచారు కదా. మూడోసారి పడితే జట్టే ఉండదని క్లబ్బు సెక్రటరీ గారు నోటీసు అంటించారు. నాలుగేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరేనని ఏడ్చాను కూడా.

నా పద్ధతి నీకు తెలుసుగా. కంచె పక్కన పరిగెడుతూ "చెయ్యి! చెయ్యి!" అని ట్రాకంతా దద్దరిల్లేలా అరిచేదాన్ని. బ్యాటన్ అందుకునే పిల్ల వెనక్కి చూడదు, కేక వినపడగానే చెయ్యి చాపుతుంది. ఆ కేక వెనకాల వచ్చే పిల్ల వెయ్యాలి. రోజూ నేనే వేసేస్తుంటే వాళ్ళెందుకు వేస్తారు? పోటీ రోజు ఆ గోలలో నా గొంతు వినపడేది కాదు, వాళ్ళ నోరు పెగిలేది కాదు.

ఇంతలో నా గొంతు పోయింది. రెండో రోజు, మేం పిచ్చుక అని పిలిచే బక్కపిల్ల, పది మాటలకు ఒక్క మాట జవాబిచ్చేది, విసుగొచ్చి అరిచింది, "చెయ్యి పెట్టవే, మొద్దూ!" అని. బ్యాటన్ చటుక్కున ముందుపిల్ల చేతిలో పడింది. నా ఒళ్ళు పులకరించింది.

ఇప్పుడు విను. నా గొంతు అయిదో రోజుకే బాగైంది. పోటీ దాకా మరో పది రోజులు మెడకు మఫ్లర్ చుట్టుకుని మూగనోము పట్టాను. నిజం రాస్తే ఫోన్ చేస్తావని నీకూ అబద్ధమే రాశాను, క్షమించు. నోరు కట్టుకోలేక ఒకరోజు మఫ్లర్ కొస కొరికేశాను.

నిన్న పోటీ. మూడు చేతులు మారింది బ్యాటన్, మూడు కేకలూ వాళ్ళవే. రెండో స్థానం! సెక్రటరీ గారు తన చేత్తోనే నోటీసు చింపారు. ఆనందం పట్టలేక "శభాష్!" అని అరిచి నాలుక కరుచుకున్నాను.

నలుగురూ పగలబడి నవ్వారు.

"మీ గొంతు బాగైందని మాకెప్పుడో తెలుసు మేడం. బట్టలు మార్చుకునే గదిలో మీ వారితో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాం" అంది పిచ్చుక.

"మరి చెప్పలేదేమే?"

"మీరు ఊరుకోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నారు కదా. మధ్యలో కదిలించడమెందుకని..."

"నోరు మూసి కాసేపు వినవే" అని నువ్వు ముప్పై ఏళ్ళు మొత్తుకున్నా రానిది, వాళ్ళు పది రోజుల్లో నేర్పారమ్మా.

ఆదివారం ఫోన్ చేస్తాను. మోకాలి సంగతి మొదటినుంచీ చెప్పు. నేను వింటాను.

ఇట్లు,
నీ వసపిట్ట,
పెద్దమ్మాయి