ముందు తమ్ముడి దగ్గరికి పొమ్మన్న మాట

నాంపల్లిలో కిరాయికి ఉంటున్న మల్యాల వెంకటనర్సయ్య అనే నేను, తండ్రి కీ.శే. రాజలింగం, వయసు డెబ్బై రెండు, ఆబిడ్స్‌లో ఒక బైబిలు పాఠశాల విశ్రాంత అధ్యాపకుణ్ణి. తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో ఈ వీలునామా రాస్తున్నాను. మునుపటివి చెల్లవు.

1. నా పుస్తకాలు నా విద్యార్థిని మృదులకు. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యతా ఆమెదే. అంచుల్లో నేను రాసినవాటిని నమ్మవద్దు, చెరపవద్దు.

2. ఇనుప మంచం, వంట సామాను కింది ఇంటి శంకరమ్మకు. జ్వరమొస్తే జావ కాచి ఇచ్చింది. తోటి అధ్యాపకుడు వామన్‌రావుకు ఏమీ లేదు. నా వ్యాసం తన పేరుతో సభలో చదివాడు. ఇప్పుడు కోపం లేదు. అయినా ఏమీ లేదు.

3. ఊళ్లో నా వాటా రెండెకరాలు తమ్ముడు ఎల్లేష్ భార్య స్వర్ణకు. కారణం రాయాలి.

అమ్మ చనిపోయినప్పుడు పాఠశాలలో పరీక్షలని నేను మట్టికి పోలేదు. తమ్ముడికి ఆ బాధ ఉండిపోయింది. కానుక తెచ్చినవాడికి తమ్ముడి మనసులో తన మీద బాధ ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు తమ్ముడి దగ్గరికి పోవాలన్నాడు యేసు. ఆ మాట అర్థం నిఘంటువులో దొరకదని, విన్నవాడు లేచి చేసే పనిలోనే ఉంటుందని నా సిద్ధాంతం. ముప్పై ఏళ్లు అదే చెప్పాను.

2011లో దాని మీద వ్యాసం ముగిస్తున్న మధ్యాహ్నం ఎల్లేష్ వచ్చాడు. పని ఉంది, ఆగమన్నాను.

“కానీయ్ అన్నా. నీ రాత అయినంక పిలువు, మెట్ల మీద కూసుంట” అన్నాడు.

చివరి వాక్యం రాసి తలుపు తీశాను. మెట్ల మీద ఎవరూ లేరు. తొమ్మిదో రోజు పొలంలో పడి చనిపోయాడు. పద్నాలుగేళ్లుగా నేను కలం పట్టినప్పుడల్లా ఆ మెట్ల మీద ఎవరో గొంతు సవరించుకుంటారు.

4. నా మరణం తర్వాత మృదుల ఊరికి పోయి, స్వర్ణ ముందు నా క్షమాపణ చదవాలి.

నాలుగో అంశం కొట్టివేశాను. అది మళ్లీ ఆగమనడమే. కాగితం పట్టుకొని నేనే బస్సెక్కి ఊరికి వచ్చాను. స్వర్ణకు నోటితో చెప్పాను. గడప మీద నిలబడి వింది.

“ఆయన ఉన్నప్పుడు గీ ఒక్క మాట అంటే అయిపోతుండె గదా బావా” అన్నది.

తర్వాత లోపలికి పోయి, కాళ్లు కడుక్కోవడానికి చెంబులతో నీళ్లు తెచ్చి పెట్టింది. రెండు చెంబులు. నేను ఒక్కణ్ణే వచ్చాను. దానికి అర్థం రాయను.

స్వర్ణకు భూమి ముడుతుంది కనుక ఆమెను సాక్షిగా పెట్టలేదు.

18 నవంబరు 2025, ఎల్లేష్ ఇంటి అరుగు మీద.

(సంతకం) మల్యాల వెంకటనర్సయ్య

సాక్షులు:
బిచ్చయ్య, పక్కింటి రైతు
రజని, ఊరి బడి పంతులమ్మ