రిపోర్టులో లేని మరక

ఫ్రిస్కో,
ఆదివారం ఉదయం.

చిరంజీవి అవనికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మ, నేను, నువ్వు అప్పజెప్పి వెళ్ళిన కరివేపాకు మొక్క, ముగ్గురం కులాసా. మొక్క టెక్సస్ ఎండకి కాస్త వాడింది గానీ అమ్మ రోజూ బియ్యం కడిగిన నీళ్ళు పోస్తోంది, బతికిపోతుంది. ఆ ట్రైనింగ్ క్యాంపులో నువ్వు కూడా క్షేమమేననీ, కాళ్ళ బొబ్బలు మానాయనీ తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. నువ్వు ఆర్మీలో చేరతానన్నప్పుడు వారం రోజులు నీతో మాట్లాడని మనిషిని నేను. ఇప్పుడేమో పిల్లల ఫోన్లు లాక్కుని చేత్తో ఉత్తరాలు రాయిస్తున్న ఆర్మీ మీద నాకు గౌరవం పెరుగుతోంది. అమ్మ నీ ఉత్తరాన్ని ఫ్రిజ్‌కి అంటించింది. "ఇక్కడ పప్పు లేదు, చారు లేదు, అన్నం అంటే జోక్" అని రాశావు చూడు, ఆ వాక్యం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చదివి వినిపిస్తోంది. ఒత్తులు రెండు చోట్ల పోయాయి. అయినా నాకు ముద్దొచ్చింది.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తాను. అమ్మ మోకాలు ఫర్వాలేదు. థెరపీకి వెళ్తోంది, ఇంట్లో చెయ్యమన్న ఎక్సర్‌సైజులు మాత్రం చెయ్యదు, చేశానని నాతో అబద్ధం చెబుతుంది. ఉజ్వల అక్క సంగతి కూడా అడిగావు. అది చివర రాస్తాను. ముందు కారు విషయం.

నీ ఫ్రెండ్ నిధి ప్రింట్ తీసి నీకు పంపిన ఆ ఎర్ర స్పోర్ట్స్ కారు ప్రకటన, నువ్వు నీ దస్తూరీతో రాసిన విన్ నంబరు, రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. "నాన్నా, రిపోర్ట్ క్లీన్ వస్తే వెంటనే డిపాజిట్ ఇచ్చెయ్. నాకు ఆ కార్ చాలా చాలా కావాలి" అన్నావు. ఇరవై ఏళ్ళ పిల్లవి, రెండు వేసవులు ఐస్‌క్రీమ్ షాపులో నిలబడి దాచుకున్న డబ్బు. నీకు ఆ కారు ఎంత కావాలో నాకు తెలియక కాదు.

ఫ్యాక్టరీలోంచి బయటికి రాకముందే ప్రతి కారుకీ పెట్టే పదిహేడు అక్షరాల పేరు ఆ విన్ నంబరు. మనిషి పేరు మార్చుకోవచ్చు గానీ కారు మార్చుకోలేదు. కార్ల పాత చరిత్ర చూపే వెబ్‌సైట్‌లో నువ్వు రాసిన నంబరు కొడితే మొదట దొరకలేదు. చూస్తే మధ్యలో 'ఓ' రాశావు. ఆ నంబర్లలో 'ఓ' వాడరమ్మా, సున్నాతో పొరబడతారని. సున్నా పెట్టి చూస్తే మొత్తం చరిత్ర వచ్చింది. ఇద్దరు ఓనర్లు, ఒక్క యాక్సిడెంటూ లేదు, ఆయిల్ మార్పులు టంచనుగా ఉన్నాయి, దొంగతనం లేదు, ఎక్కడా ఎర్ర గీత లేదు. నువ్వన్నట్టు క్లీన్.

అయినా నిన్న శనివారం పొద్దున వెళ్ళి కారు చూశాను. ఇరవై రెండేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నవాణ్ణి, ఇతరుల తప్పులు వెదకడానికే నాకు జీతమిస్తారు. కారు అమ్ముతున్న అతని పేరు శశికాంత్. కరీంనగర్ నుంచి వచ్చిన కుర్రాడు, ముప్ఫై ఏళ్ళుంటాయి. నన్ను చూడగానే టీ పెట్టాడు. ముందు అద్దం కింద ఎడమవైపు కనిపించే నంబరు చూశాను, తలుపు అంచున స్టిక్కర్ మీది నంబరు చూశాను. రెండూ నీ నంబరుతో కలిశాయి. అంటే తలుపు మార్చలేదు, దొంగ కారూ కాదు.

"రిపోర్ట్ చూసిన్రా అన్నా? ఒక్క మరక గూడ లేదు" అన్నాడు.

నేను డ్రైవర్ సీట్లో కూర్చుని సీటు బెల్టు లాగాను. మామూలుగా పెట్టుకునేంత కాదు, ఇంక రాదన్నంతవరకు లాగాను. చివరి జానెడు బట్ట మీద అడ్డంగా మట్టిరంగు చార ఉంది. నీళ్ళు నిలిచి ఆరితే పడే చార అది. సీటు కింద బోల్టులు తడిమితే చేతికి తుప్పు అంటింది. కార్పెట్ మాత్రం కొత్తది.

ఆ కుర్రాడు నా చేతిలోని బెల్టు వంక చూశాడు. గొంతు తగ్గించి అన్నాడు, "అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌ల నీళ్ళొచ్చినయ్ అన్నా. లయబిలిటీ ఇన్సూరెన్స్ ఒక్కటే ఉండె, దాంతోని మన కారుకు పైసా రాదు, క్లెయిమ్ చెయ్యలే. నేనే సాఫ్ చేయించిన. జాబ్ పోయింది, ఇంకో జాబ్ దొరకకుంటే ఇంక ఇరవై రెండు రోజుల్ల దేశం వదిలి పోవాలె. చెప్తె ఎవరు కొంటరన్నా?"

నువ్వుంటే మండిపడేదానివి. నేనూ మండిపడాలి, నా కూతురికి అంటగట్టబోయాడు కదా. కానీ టీ తాగేసి, డిపాజిట్ ఇవ్వకుండా ఇంటికి వచ్చేశాను.

నంబరు అబద్ధం చెప్పదమ్మా. కానీ ఎవరూ చెప్పని విషయం దానికి మాత్రం ఎలా తెలుస్తుంది? ఇన్సూరెన్స్‌కి చెప్పకుండా, కౌంటీ ఆఫీసులో కారు కాగితాల మీద రాయించకుండా ఇంట్లోనే తుడిచేసుకుంటే ఆ చరిత్రలోకి ఎక్కదు. ఈ సంగతి ఇంటర్నెట్‌లో చదివి రాయడం లేదు. బెల్టు చివరిదాకా లాగాలని నాకెలా తెలుసని నువ్వు అడుగుతావు. అడక్కపోయినా చెప్పాలి.

తొమ్మిదేళ్ళ కిందట మనం హ్యూస్టన్‌లో ఉన్నాం. నీకు పదకొండేళ్ళు. తుఫానులో మన వెండిరంగు కారు సీట్లదాకా మునిగింది. దాన్ని బాగు చేయించామని నీకు చెప్పాను. నిజానికి నేను చేసింది నాలుగు ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టడం, కార్పెట్ మార్చడం, వాసన పోవడానికి సీట్ల కింద కాఫీపొడి మూటలు పెట్టడం. అప్పటికీ పోకపోతే అమ్మచేత సాంబ్రాణి వేయించాను. పొగ వేస్తూనే అమ్మ అంది, "సంగతి చెప్పి అమ్ముదామండీ" అని. నేనేమన్నానో తెలుసా? చెప్తే ఎవరు కొంటారు, అన్నాను. శనివారం శశికాంత్ నోట్లోంచి అవే మాటలు వచ్చాయి. అతనికి నెత్తిమీద ఇరవై రెండు రోజుల గడువైనా ఉంది. నాకు ఉద్యోగముంది, ఇల్లుంది, ఏ గడువూ లేదు. నష్టపోవడం ఇష్టం లేదు, అంతే.

ఆ కారు ఉజ్వలకు అమ్మాను.

ఆ తర్వాతి జనవరిలో గుంటూరు నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చి మన పక్క బ్లాకులో దిగిన అమ్మాయి. తుఫాను ఆమె చూడలేదు. ఆదివారాలు నీకు తెలుగు దిద్దించి మన ఇంట్లో భోంచేసి వెళ్ళేది. కారు మెకానిక్‌కి చూపించుకోమని ఎవరో ఫ్రెండ్ చెబితే, నా ముందే ఫోన్‌లో, "మనవాళ్ళ కారే, మెకానిక్ ఎందుకు?" అంది. నేను పక్కనే ఉన్నాను. నవ్వి ఊరుకున్నాను. ఆమె ఆ పదిహేడు అక్షరాలూ అడగలేదు. ఏ రోజు తీసుకుంటే మంచిదో అడిగింది. క్యాలెండర్ చూసి దశమి శుక్రవారం అని నేనే చెప్పాను. నువ్వు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టావు, పసుపు చేత్తో బానెట్ మీద బొట్టు పెట్టి నీ గౌనుకు తుడుచుకున్నావు. కారు అంతా కడిగాను గానీ బెల్టు చివర చార ఎంత రుద్దినా పోలేదు. అంతదాకా లాగి చూసేవాళ్ళు ఎవరుంటారులే అని వదిలేశాను.

తర్వాత ఒక వాన రోజు ఫ్రీవే మధ్యలో ఆ కారు ఆగిపోయింది. పక్కనుంచి ట్రక్కులు పోతుంటే ఏడుస్తూ నాకే ఫోన్ చేసింది. "బ్యాటరీ అయ్యుంటుందమ్మా" అన్నాను. అది బ్యాటరీ కాదని తెలిసే అన్నాను. ఇది రాయడానికి నాకు చాలా సిగ్గుగా ఉంది అవనీ. మరికొన్నాళ్ళకి ఆమె రావడం మానేసింది. నువ్వు రోజూ అడిగేదానివి. అక్క బిజీ అయిపోయింది, మనల్ని మరిచిపోయింది, అని చెప్పాను.

నిన్న మధ్యాహ్నం ఈ ఉత్తరం మొదలుపెట్టి, క్లీన్ రిపోర్ట్ ఎంత డొల్లో నీకు రుజువు చూపిద్దామనుకున్నాను. పాత ఫైల్లో ఆ కారు ఇన్సూరెన్స్ కార్డు దొరికింది. దాని మీది విన్ నంబరు కొట్టాను. నేను దాచిన కారు కదా, మచ్చ లేకుండా వస్తుందని నా నమ్మకం.

రాలేదు. నేను అమ్మిన పద్నాలుగు నెలలకి ఒక లైను ఉంది. వరద నీటిలో మునిగిన వాహనం అని టైటిల్, అంటే యాజమాన్య పత్రం మీద నమోదైంది. ఆ తర్వాత తుక్కు కింద వెళ్ళిపోయింది. ఆ లైను రాయించింది అప్పటి ఓనరు. అప్పటి ఓనరు ఉజ్వలే.

పాత హ్యూస్టన్ గ్రూపులో ఆమె నంబరు వెదికి ఫోన్ చేశాను. బాతెల్ అనే ఊళ్ళో ఉంటోందట, ఏదో మందుల ల్యాబ్‌లో ఉద్యోగం, వేద అని నాలుగేళ్ళ పాప. నా పేరు చెప్పి, కారు నీళ్ళలో మునిగిందని ఒప్పుకున్నాను.

"తెలుసు అంకుల్. కారు ఆగిపోయినప్పుడు మెకానిక్ బెల్టు లాగి చూపించాడు" అంది.

"మరి నన్ను నిలదీయలేదేమమ్మా?"

"నిలదీద్దామనే వచ్చాను, ఒక ఆదివారం. అవని తలుపు తీసి, 'అక్కా, ఇవాళ గుణింతాలా, ఒత్తులా?' అంది. దాని ముందు మిమ్మల్ని ఏమంటాను? ఒత్తులు చెప్పేసి వెళ్ళిపోయాను. ఇంక రాలేకపోయాను."

ఆ టైటిల్ మీద ఎందుకు రాయించావని అడిగాను. రాయించకపోతే మంచి ధరే వచ్చేదిగా, ఆమెకి అప్పుడు ఎంత అవసరమో నాకు తెలుసు. "నా తర్వాత కొత్తగా వచ్చిన ఇంకో పిల్ల కొనుక్కుంటుంది కదా అంకుల్" అంది. చివరి సెమిస్టర్ మొత్తం రెండు బస్సులు మారి వెళ్ళిందట. అది మామూలుగానే చెప్పింది. నేను క్షమించమన్నాను. "సర్లెండి" అంది. క్షమించిందో లేదో నాకు తెలియదు, అడిగే ధైర్యం లేదు.

కాబట్టి ఎర్ర కారు మీద నేను డిపాజిట్ ఇవ్వలేదు. డబ్బు నీది, కోప్పడితే కోప్పడు. శశికాంత్‌కి రాత్రి ఫోన్ చేసి, ఉజ్వల సంగతి మొత్తం చెప్పాను. రేపు ఇద్దరం కలిసి కౌంటీ ఆఫీసుకి వెళ్తున్నాం, ఉన్నది ఉన్నట్టు రాయించడానికి. స్పేర్ పార్టులకి కొనే అతను ఒకడు నాకు తెలుసు. శశికాంత్‌కి ఉద్యోగం కూడా మా ఆఫీసులో అడిగి చూస్తాను, దొరుకుతుందని చెప్పలేను.

ఈ ఉత్తరం నువ్వు చదవగలుగుతున్నావంటే, అది నా గొప్పా కాదు, అమ్మ గొప్పా కాదు. ప్రతి ఒత్తూ ఆ అమ్మాయి దిద్దించిందే. ఫోన్ పెట్టేసే ముందు నా గురించి ఏమీ అడగలేదు. "అవనికి తెలుగు చదవడం ఇంకా వచ్చా అంకుల్?" అని మాత్రం అడిగింది. ఆ జవాబు నీకే వదిలేశాను.

ఆమె నంబరు వెనక పేజీలో రాశాను. ఆదివారం నీకు ఫోన్ ఇచ్చే ఐదు నిమిషాల కోసం అమ్మ, నేను వారమంతా ఎదురుచూస్తాం, నీకు తెలుసు. ఈసారి మాకు చెయ్యొద్దు. ఆమెకు చెయ్యి.

ఇట్లు,
నీతో అబద్ధం చెప్పిన
మీ నాన్న,
శేషగిరి