బంధువుల గదిలో నా పాత్ర

నవంబరు 16, ఆదివారం

చి. బుజ్జమ్మకు,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ నేను కులాసా. అలవాటు కొద్దీ రాసిన మాట, అలాగే చదువుకో.

నిన్న ఫోన్‌లో నువ్వు కేకలేశావు. ఫోన్‌లో చెప్పే సంగతి కాదిది. అందుకే ఈ ఉత్తరం.

సైనిక స్థావరం, మన ఊరు కలిసి ప్రమాదం జరిగినట్టు మాక్ డ్రిల్ చేయాలనుకున్న సంగతి నీకు తెలుసు. వాళ్ల గిడ్డంగిలో పేలుడు జరిగినట్టు నటించాలి. ఊరివాళ్లలో కొందరు గాయపడినవాళ్లు, కొందరు బంధువులు. అది సవ్యంగా జరిగితే ఇకపై వాళ్ల అంబులెన్సు మన ఊరికీ వస్తుందని ఒప్పందం. మనకున్న అంబులెన్సు ఎంత తొందరగా వస్తుందో మనిద్దరికీ ఒకరు చెప్పనక్కర్లేదు. అమ్మ మన ఊరి కమిటీ చుట్టూ తిరిగింది దీనికోసమే. కిందటేడు మా ఇద్దరి పేర్లూ తనే ఇచ్చింది. డ్రిల్ వాయిదాలు పడింది. ఈలోగా అమ్మ పోయింది. స్థావరంలో మనకు తెలిసిన అధికారి బదిలీ అయ్యాడు.

నిన్న వెళ్లాను. మాట ఇచ్చింది తను కదా. బంధువు పాత్ర అని బంధువుల గదిలో కూర్చోబెట్టారు. ఎవరికి బంధువునో నేను అడగలేదు. పక్క కుర్చీలో బేకరీ ఆయన, ఏడుపు రాకపోతే చెప్పండి మాస్టారూ, ఉల్లిపాయ తెచ్చాను అని జేబు తట్టి, వెంటనే నాలిక కరుచుకున్నాడు.

యూనిఫాంలో ఒక అమ్మాయి వచ్చింది. నీ వయసే ఉంటుంది. కుర్చీ దగ్గరికి లాక్కుని ఎదురుగా కూర్చుంది. మీతో ఎవరైనా వచ్చారా సార్ అని అడిగింది. ఎవరూ లేరన్నాను. మీ భార్య చనిపోయారు సార్ అంది. చేయగలిగిందంతా చేశాం, ఆవిడని చూస్తారా అంది.

లేచి ఆమె వెనక నడిచాను. ఎందుకు నడిచానో ఇప్పటికీ తెలియదు. స్ట్రెచర్ మీద దుప్పటి. తీస్తే రబ్బరు బొమ్మ. ఆ పాత్రకు రావలసిన మనిషి రాలేదని బొమ్మను పెట్టారట. మెడలో అట్టముక్క. దాని మీద అమ్మ పేరు.

నా వెనకే వచ్చిన బేకరీ ఆయన గొంతు చించుకున్నాడు. బుద్ధుందా మీకు, ఆవిడ నిజంగానే పోయి ఐదు నెలలైంది, ఆ మాత్రం తెలుసుకోరా అని. ఆ అమ్మాయి నేల మీద కూలబడింది. నాకు చెప్పలేదు సార్, ఎవరూ చెప్పలేదు సార్ అంటూనే ఉంది. అక్కడ అందరూ కొత్తవాళ్లే. అమ్మ మొహం చూసినవాడు ఒక్కడూ లేడు.

ఊరు అట్టుడికిపోతోంది. రేపు కమిటీ కూర్చుంటుంది. వాళ్లతో మనకు పొత్తేమిటి, తెంచేసుకుందాం అంటున్నారు. నా నోటి నుంచి ఒక్క మాట వస్తే చాలు, తెగిపోతుంది. ఆ అమ్మాయి మీద ఫిర్యాదు పెట్టమని నువ్వూ పట్టుబడుతున్నావు.

నీకు చెప్పని సంగతి ఒకటి ఉంది. ఆ రోజు ఆస్పత్రిలో అమ్మ పోయిందని నాకెవరూ చెప్పలేదు. కౌంటర్‌లో ఒకాయన తలెత్తకుండా, బాడీ ఎప్పుడు తీసుకెళ్తారు అన్నాడు. నాకు అలా తెలిసింది. ఒక మనిషి కూర్చుని, నా మొహం చూసి ఆ మాట చెప్పడం నిన్ననే.

ఫిర్యాదు పెట్టను. ఒప్పందం ఉండాలని రేపు చెబుతాను. ఆ అంబులెన్సు ఇంకెవరింటికైనా వేళకు వస్తే చాలు. నువ్వు కోప్పడితే కోప్పడు.

వేళకు తిను.

నాన్న

తా.క.: కవరు అంటిస్తుండగా బదిలీ అయిన ఆ అధికారి ఫోన్ చేశాడు. విషయం ఆయనదాకా వెళ్లింది. పాత్రలు పంచింది ఆయనేనట. చనిపోయిన మనిషిగా తను ఉంటానని అమ్మే అడిగిందట. భర్తగా మా ఆయన్నే కూర్చోబెట్టండి అందట. ఎందుకమ్మా అలాంటి మాటలు అంటే, మా ఆయన తనే ముందు పోతానని ధీమాగా ఉన్నారండీ, ఆయనకు కాస్త అలవాటు కావాలి అని నవ్విందట. సరదాకి అంటోందనుకున్నాడు. డ్రిల్‌కు పేర్లిచ్చినవాళ్లందరినీ అంతకుముందే స్థావరం డాక్టరు పరీక్ష చేశాడు. అమ్మ గుండె ఎక్కువ కాలం పనిచేయదని ఆమెకు చెప్పాడట. ఇంట్లో తెలియనివ్వొద్దని అమ్మ ఒట్టు వేయించుకుందట. ఆ డాక్టరు ఇవాళ నోరు విప్పాడు.

అకస్మాత్తుగా పోయిందని అందరికీ చెప్పాం కదా. అకస్మాత్తు మనకే, బుజ్జమ్మా.